ఛలేమ్ పిన్ని టోపీల బేరం

జపాను సైన్యం మా దేశంలో దిగిన మరుసటి ఏడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నోయి నది ఒడ్డున ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఏ తాలూకా అన్నది చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్ళు మంచివాళ్ళు, నా కబుర్ల వల్ల వాళ్ళు నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు.

ఆఫీసు ముందు పడవల రేవు. రేవు మెట్లలో ఎడమపక్కన మూడో మెట్టు ఛలేమ్ పిన్నిది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆ మెట్టు మీద వేరేవాళ్ళు కూర్చోగా నేను చూడలేదు. నలభై అయిదేళ్ళ మనిషి. పొట్టిగా, వెడల్పాటి ముఖంతో ఉండేది. నోరు తెరిస్తే నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లటి పళ్ళు. భర్త పడవ తిరగబడి పోయాడు, పిల్లలు లేరు. తల్లి ఇచ్చిపోయిన తమలపాకు తోట ఒకటి ఊరి చివర ఉంది. రోజూ తెల్లవారగానే ఆకులు కోసుకుని, వక్క, ఎర్రసున్నం, పొగాకు సర్దుకుని వచ్చి ఆ మెట్టు మీద బుట్ట పెట్టేది. పన్ను కట్టేవాళ్ళూ, పుట్టుక రాయించుకునేవాళ్ళూ, తగవులు తీర్చుకునేవాళ్ళూ ముందు ఆమె దగ్గర ఒక తాంబూలం నమిలి, ధైర్యం తెచ్చుకుని అప్పుడు పైకి వచ్చేవాళ్ళు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఎవరైనా ఏదైనా చదివి వినిపిస్తే ఒక్క మాట పొల్లుపోకుండా గుర్తుపెట్టుకునేది. ఆ సంగతి మా ఆఫీసుకు ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజుల్లో బాంకాక్‌లో పెద్దలు దేశాన్ని నాగరికం చెయ్యాలని పట్టుపట్టారు. వారం వారం టపా పడవలో ఒక ఉత్తర్వు దిగేది. ఒకసారి గోచీకట్టు మానెయ్యాలని, ఒకసారి ఎదురుపడితే సవాత్‌దీ అని పలకరించుకోవాలని, ఒకసారి పెరట్లో కూరగాయలు పెంచాలని. భర్త పనికి వెళ్ళేముందు భార్యకు ముద్దు పెట్టాలని కూడా ఒక సలహా వచ్చింది. మా తాలూకా అధికారి థవిన్ గారు దాన్ని రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆయన సన్నగా, ఎప్పుడూ చెమటలు కక్కుతూ ఉండేవారు. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కాదు, ఎందుకంటే కోటు గురించి కూడా ఏదో ఒక కాగితం వచ్చే ఉంటుందని ఆయన అనుమానం.

ఆ తర్వాత ఒకే పడవలో రెండు ఉత్తర్వులు కలిసి వచ్చాయి. మొదటిది, ఎవరూ తమలపాకు నమలకూడదు, అమ్మకూడదు. రెండోది, టోపీ పెట్టుకోని ఆడవాళ్ళను ప్రభుత్వ కార్యాలయాల్లోకి రానివ్వకూడదు. అమలుచేసే పని నాకు అప్పగించారు. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు. నేను చాలా హుషారుగా మెట్లు దిగాను.

ఛలేమ్ పిన్నికి ఆకుల ఉత్తర్వు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"తెలిసింది బాబూ. నమలకూడదు, అమ్మకూడదు. పెంచకూడదని ఉందా?"

"పెంచకూడదని ఇంకా రాలేదు పిన్నీ."

"వచ్చేదాకా పెంచుకుంటాను. మరి బుట్ట సంగతి?"

బుట్ట గురించి ఏమీ లేదన్నాను. ఆకులూ వక్కలూ పొగాకూ తీసి నా చేతుల్లో పోసింది. సున్నం డబ్బీ కూడా ఇచ్చింది. ఖాళీ బుట్ట మాత్రం పక్కన పెట్టుకుని, వెళ్ళకుండా అక్కడే కూర్చుంది. మర్నాడు కూడా ఖాళీ బుట్టతో వచ్చి కూర్చుంది. అలా పదకొండు రోజులు. ఇంటికి పొమ్మని చెప్పడానికి నాకు ఏ ఉత్తర్వూ దొరకలేదు.

పన్నెండో రోజు పై ఊళ్ళనుంచి ఒకావిడ మూడు గంటలు పడవ తెడ్డు వేసుకుంటూ వచ్చింది, చంటిపిల్ల పుట్టుక రాయించడానికి. తల మీద టోపీ లేదు. గుమ్మం దగ్గరే ఆపి, టోపీ పెట్టుకుని రమ్మన్నాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. చంకలో పిల్లతో అలా నన్ను చూస్తూ నిలబడి, తర్వాత మెట్లు దిగిపోయింది. ఆ చూపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాగుండదు.

ఆవిడ తిరిగి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తల మీద ఛలేమ్ పిన్ని ఆకుల బుట్ట బోర్లించి ఉంది. గడ్డం కింద ఎర్ర గుడ్డ పీలికతో ముడి. బుట్ట కళ్ళదాకా దిగడంతో ఆవిడ తల పైకెత్తి అంచు కిందనుంచి నన్ను చూస్తోంది.

నేను ఉత్తర్వు తీసి చూశాను. టోపీ ధరించాలి అని ఉంది. అది ఎలా ఉండాలో, దేనితో చెయ్యాలో ఎక్కడా లేదు. థవిన్ గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన కిటికీలోంచి ఆవిణ్ణి చూసి, ఉత్తర్వు చూసి, మళ్ళీ ఆవిణ్ణి చూసి నుదురు తుడుచుకున్నారు.

"టోపీ అంటే తల మీద ఉండేది. రాసుకో ప్రయూన్," అన్నారు.

నేను రాసుకున్నాను. మా తాలూకాలో ఆ ఒక్క వాక్యం చేసిన పని ఇంకే ఉత్తర్వూ చెయ్యలేదు.

మర్నాటికి మూడో మెట్టు మీద నాలుగు టోపీలున్నాయి. వారానికి ఇరవై అయ్యాయి. తాటాకువి, వెదురువి, పాత చాప ముక్కలవి. ఒకదానికి కోడిపుంజు ఈకలు. ఒకటి పూర్వాశ్రమంలో చేపలు పట్టే మావు బుట్ట. దాని మూతి కత్తిరించి అంచు కుట్టింది. టోపీకి అద్దె రెండు గుడ్లో, గుప్పెడు ఎండుచేపలో, ఏది ఉంటే అది. పని అయిపోగానే తిరిగి ఇచ్చెయ్యాలి. రద్దీగా ఉన్న రోజుల్లో లోపలికి వచ్చినావిడ పక్క కిటికీలోంచి టోపీ బయటికి అందించేది, తర్వాతావిడ అది పెట్టుకుని గుమ్మంలోంచి వచ్చేది. ఒక ఉదయం ఆ ఈకల టోపీని పదకొండు తలల మీద చూశాను. పదకొండుసార్లూ లేచి దారిచ్చాను. ఉత్తర్వు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది.

కొన్నాళ్ళకు అర్థం కాని విషయం ఒకటి నా కంటపడింది. ఆఫీసులో ఏ పనీ లేని ముసలమ్మలు కూడా టోపీలు అద్దెకు తీసుకుంటున్నారు. తీసుకుని లోపలికి రారు. రేవు అవతల చింతచెట్టు వెనక్కి వెళ్ళి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, మహా ప్రశాంతంగా తిరిగి వస్తారు. ఒక రోజు నేనే వెళ్ళి ఒక టోపీ చేతిలోకి తీసుకున్నాను. లోపల అస్తరు కుట్టి ఉంది. అస్తరులో ఆకులు, వక్క చెక్కలు, చిటికెడు సున్నం, పొట్లం కట్టి.

ఛలేమ్ పిన్ని నా ముఖంలోకి చూసింది. నేను ఆమె ముఖంలోకి చూశాను.

"అమ్మకూడదన్నారు," అంది. "అమ్మడం లేదు. టోపీ అద్దెకిస్తున్నాను. టోపీలో ఏముందో అద్దెకు తీసుకున్నవాళ్ళ పూచీ."

"నమలకూడదని కూడా ఉంది పిన్నీ."

"అది నములుతున్నవాళ్ళకు చెప్పు. చింతచెట్టు వెనక మీ అమ్మ కూడా ఉంది, ముందు ఆవిడకు చెప్పి రా."

నేను చెట్టు వైపు చూశాను. మొదలు పక్కనుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. మా అమ్మ కాళ్ళు నాకు తెలుసు. టోపీ ఎక్కడ తీశానో అక్కడే పెట్టి పైకి వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను. నా కొత్త బూట్ల హుషారు ఆ రోజుతో తగ్గింది.

ఆమె భయపడుతూ వచ్చిన ఉత్తర్వు వర్షాలు మొదలయ్యాక వచ్చింది. తమలపాకు తోటలు నరికెయ్యాలి. ఆ వెనకే ఇంకో కాగితం, జిల్లా నుంచి ఇన్‌స్పెక్టరు చరూన్ గారు వస్తున్నారు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఎంతమంది అయ్యారో, తోటలు పోయాయో లేదో స్వయంగా చూస్తారు అని. థవిన్ గారు నెల నెలా పంపిన నివేదికల్లో టోపీలు బాగా ఉదారంగా రాశారు. ఇప్పుడు రేవులో కనీసం అరవై మందిని నిలబెట్టాలి. తాలూకాలో అన్ని టోపీలు ఒకే ఒక్క మనిషి దగ్గరున్నాయి.

ఆమెను పిలుచుకు రమ్మని నన్ను పంపించారు. ఆమె కదల్లేదు. టోపీ లేకుండా ఆఫీసులోకి ఎలా వస్తాను, ఉన్నవన్నీ అద్దెకు పోయాయి, నా ఒక్కదాని కోసం ఉత్తర్వు తప్పమంటావా అంది. నేను పైకి వెళ్ళి ఆ మాట చెప్పాను. థవిన్ గారు కలం పక్కన పెట్టారు. తర్వాత కోటు గుండీలు పెట్టుకుని కిందికి దిగి వచ్చి, రెండో మెట్టు మీద కూర్చున్నారు. ఆ రేవులో అధికారి మెట్టు మీద కూర్చోవడం జనం మొదటిసారి చూశారు. పడవల్లోవాళ్ళు తెడ్లు ఆపేశారు.

"ఛలేమమ్మా, అరవై టోపీలు కావాలి. ఒక్క పూటకు," అన్నారు.

"ఇస్తానయ్యగారూ. అద్దె వద్దు. నా తోట ఉండనివ్వండి."

"అది నా చేతిలో లేదు. తమలపాకు తోట నరకాలని రాసి ఉంది."

"తమలపాకు తోటేగా నరకమన్నది. కూరతోట నరకమన్నారా?"

పెరట్లో కూరగాయలు పెంచాలన్న ఉత్తర్వు నేనే మార్చిలో ఆమెకు చదివి వినిపించాను. దాన్ని మొదటి మాటనుంచి చివరి మాటదాకా అప్పగించింది, కింద ఉన్న తేదీతో సహా. థవిన్ గారు నావైపు తిరిగారు. నాకు అప్పుడు తట్టింది. మా భాషలో తమలపాకును ఫ్లూ అంటాం. దాని చెల్లెలు ఒకటుంది, చఫ్లూ. ఆకు చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ అది కూరాకు, అందులో కొబ్బరీ అల్లం లాంటివి పెట్టి మియాంగ్ అనే చిరుతిండిగా చుట్టుకుని తింటాం. ఆ మాట థవిన్ గారి చెవిలో చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లేచి పైకి వెళ్ళిపోయారు. ఆయన వద్దనలేదు కాబట్టి నేను తోటల పట్టీలో ఫ్లూ ముందు ఒక అక్షరం చేర్చాను. నా ఉద్యోగజీవితంలో చేసిన మొదటి దొంగపని అది. చెయ్యి వణకలేదు. వణికిందని చెప్తే గౌరవంగా ఉంటుంది గానీ వణకలేదు.

ఇన్‌స్పెక్టరు గారు మోటారు లాంచిలో వచ్చారు. అరవై దాటిన మనిషి, భారీగా ఉన్నారు, పళ్ళు మాత్రం కొత్తగా తోమిన కంచు గిన్నెలా ఉన్నాయి. ఒకప్పటి నలుపును ఎంతో కష్టపడి రుద్దుకున్నట్టు చిగుళ్ళ దగ్గర ఇంకా గీతలున్నాయి. రేవులో అరవై ఇద్దరు ఆడవాళ్ళు టోపీలతో వరసగా నిలబడి ఒక్క గొంతుతో సవాత్‌దీ అన్నారు. ఆయన వరస వెంట నడుస్తూ చేపల మావు టోపీ ముందు ఆగారు.

"ఇదేం ఫ్యాషను?" అని అడిగారు.

"స్థానికమండీ," అన్నారు థవిన్ గారు.

తర్వాత తోట చూస్తానన్నారు. పట్టీ తీసుకుని నేను ముందు నడిచాను. ఛలేమ్ పిన్ని తోటలో రెండు గట్లు, గట్ల మీద కర్రలు, కర్రలకు మనిషెత్తున అల్లుకున్న తీగలు, ముదురాకుపచ్చని ఆకులు వాన తడితో మెరుస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"చఫ్లూ నేలమీద పాకుతుంది కదా. ఇదేమిటి కర్రెక్కింది?"

నేను పట్టీ మూసేశాను. ఛలేమ్ పిన్ని వంగి దణ్ణం పెట్టి, వరదల ఊరండి, నేలమీద ఉంటే మునిగిపోతానని పైకెక్కడం నేర్చుకుంది, అంది. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు.

"కూరాకే కదా. అయితే తిందాం," అన్నారాయన.

ఆమె అప్పటికే పళ్ళెం సిద్ధం చేసి ఉంచింది. వేయించిన కొబ్బరి, వేరుశెనగపప్పు, అల్లం ముక్కలు, తొక్కతో కోసిన నిమ్మ, ఎండురొయ్యలు, బెల్లం పాకం. అప్పటికప్పుడు ఒక ఆకు తుంచి, దొన్నెలా మడిచి, అన్నీ కొంచెం కొంచెం పెట్టి అందించింది. ఆయన నోట్లో వేసుకుని నమిలారు. తమలపాకు ఘాటు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. థవిన్ గారి కోటు వెనక తడిమచ్చ పెద్దదవుతోంది. ఇన్‌స్పెక్టరు గారు నమలడం ఆపలేదు. అంతకంతకు నెమ్మదిగా నములుతున్నారు. కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి మూసిన కళ్ళ చివర్లు తడిశాయి.

మింగేశాక, లాంచి సరిగ్గా కట్టారో లేదో చూసి రమ్మని థవిన్ గారినీ నన్నూ పంపించారు. లాంచి దగ్గర నలుగురు మనుషులున్నారు. అయినా వెళ్ళాం. మలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన అరటిబోదె మీద కూర్చుని ఉన్నారు. ఛలేమ్ పిన్ని తన టోపీ తీసి అస్తరులో వేలు పెట్టి వెతుకుతోంది. ఆకు ఒకటి ఆయన చేతిలో ఉంది, దానిమీద అల్లం లేదు, కొబ్బరి లేదు.

వాళ్ళేం మాట్లాడుకున్నారని తర్వాత అడిగాను. ఆయన వాళ్ళమ్మ గురించి చెప్పాడంది. ఇంకేం చెప్పలేదు. వచ్చేటప్పుడు ఆయన నోరు నీళ్ళతో చాలాసార్లు పుక్కిలించుకున్నారు. పట్టీ మీద సంతకం పెట్టి, కింద తన చేత్తో "కూరాకు నాణ్యమైనది" అని రాశారు.

ఇంతా చేస్తే ఆ తోటను నది తినేసింది.

ఆ ఏడు వరద బాంకాక్ వీధుల్లో పడవలు నడిచిన వరద. మా దగ్గర ముందే వచ్చింది. నీళ్ళు రోజుకు మూరెడు చొప్పున పెరిగాయి. తమలపాకు తీగ వేరుకు నీళ్ళు నిలిస్తే మూడు రోజులు కూడా బతకదు. రెండో రోజు సాయంత్రం ఛలేమ్ పిన్ని తోటకు పడవలో వెళ్ళి, ఛాతీలోతు నీళ్ళలో దిగి, తీగల చివర్లు చేతికందినన్ని కోసుకొచ్చింది. ఇంటి నిండా నీళ్ళు. ఊళ్ళో తడవని చోటు మా ఆఫీసు మేడ ఒక్కటే. జనమంతా పిల్లలతో, కోళ్ళతో అక్కడికే ఎక్కారు. ఆడవాళ్ళలో ఒక్కరి తల మీద కూడా టోపీ లేదు. గుమ్మం దగ్గర నేనే నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లోపలికి లాగాను. మార్చిలో తిప్పి పంపిన పిల్లతల్లి వస్తుందేమోనని ప్రతి పడవా చూశాను. ఆమెది చాలా ఎగువ ఊరు, రాలేదు.

మర్నాడు పొద్దున మేడమీది వరండాలోకి వెళ్ళిన థవిన్ గారు అక్కడే ఆగిపోయారు. పిట్టగోడ వెంట టోపీలు వరసగా వెల్లకిలా తిప్పి పెట్టి ఉన్నాయి. ప్రతి దాంట్లో బురదమన్ను, మన్నులో రెండేసి మూడేసి తీగ ముక్కలు. ఈకల టోపీ కూడా ఉంది. ఛలేమ్ పిన్ని పక్కన కూర్చుని దోసిలితో నీళ్ళు చిలకరిస్తోంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఏడవడం నేను చూడలేదు, ఆ ఎరుపు మాత్రం చూశాను.

"ఇది ప్రభుత్వ కార్యాలయం ఛలేమమ్మా," అన్నారు థవిన్ గారు.

"అందుకే టోపీలతో వచ్చాయండి," అంది.

ఆయన నవ్వడం నేను అదే మొదలు, అదే ఆఖరు చూడటం. కోటు విప్పి పిట్టగోడ మీద వేసి, దగ్గర్లో ఉన్న ఒక టోపీని నీడలోకి జరిపారు.

వరదలో కూడా నెలవారీ నివేదిక ఆగలేదు. టోపీల వాడకం ఎలా ఉందో రాయమని తంతి వచ్చింది. నేను అబద్ధం రాయలేదు. టోపీలు డెబ్బై రెండు, అన్నీ ఆఫీసులోనే వాడుకలో ఉన్నాయి అని రాశాను. రెండు నెలల తర్వాత జిల్లా నుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది, విపత్తులో కూడా నాగరికత విడవని తాలూకా అని. థవిన్ గారు దాన్ని కూడా ముద్దు కాగితం ఉన్న సొరుగులోనే పెట్టారు.

డెబ్బై రెండింట్లో నలభై దాకా వేళ్ళూనాయి. నీళ్ళు తీశాక ఛలేమ్ పిన్ని వాటిని టోపీలతో సహా గట్లమీద పాతింది. తాటాకు మట్టిలో కలిసిపోయింది. రెండేళ్ళకు బాంకాక్‌లో ఆ ప్రభుత్వం పడిపోయింది, ఆకు ఉత్తర్వూ టోపీ ఉత్తర్వూ ఒకే వారంలో ఊసు లేకుండా పోయాయి. ఆమె మళ్ళీ ఆకుల బుట్టతో మూడో మెట్టు మీదికి వచ్చింది. కానీ బేరం మునుపటిలా లేదు. ఆ రెండేళ్ళలో పెద్దయిన ఆడపిల్లలు అద్దంలో తెల్లటి పళ్ళు చూసుకోవడం మరిగారు. పోలీసులు మాన్పించలేనిది ఆ అద్దం మాన్పించిందని ఆమె నాతో అంది. కోపంగా కాదు, ఎదుటివాడు బాగా ఆడి గెలిచినప్పుడు ఒప్పుకున్నట్టు. ముసలివాళ్ళ కోసం కాసిని ఆకులు, మిగతాది మియాంగ్ పళ్ళెం, అలా సాగించింది. పళ్ళెంలో పెట్టేది నిజమైన చఫ్లూయే.

ఆమె అసలు వ్యాపారం తర్వాత వేరే అయింది. ఏ ఉత్తర్వు వచ్చినా జనం ముందు ఆమె దగ్గరకు వచ్చేవాళ్ళు. నేను చదివేవాణ్ణి, ఆమె వినేది. విని, అందులో ఏం రాయలేదో చెప్పేది. మా తాలూకాకు వచ్చిన ప్రతి కొత్త అధికారికీ మొదటి నెలలోనే మూడో మెట్టు అంటే భయం పట్టుకునేది.

ప్రభుత్వాలు మారుతూనే ఉన్నాయి. పొద్దున లేచేసరికి రేడియోలో కవాతు పాటలు, మధ్యలో ఒకటో నంబరు ప్రకటన, రెండో నంబరు ప్రకటన. అలాంటి ప్రతి పొద్దునా ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి ఒకటే అడిగేది, కొత్తవాళ్ళు మన నోటిమీద పడ్డారా, ఒంటిమీద పడ్డారా అని. చివరిసారి అడిగింది మా బుద్ధ శకం లెక్కన రెండువేల అయిదు వందల సంవత్సరంలో, అంటే టోపీలు వచ్చిన పదిహేనేళ్ళకు. బాంకాక్‌లో ట్యాంకులు దిగిన మర్నాడు. నేనప్పటికి పెద్ద గుమాస్తానయ్యాను, ఆమెకు అరవై నిండాయి, మెట్లెక్కడానికి కర్ర పట్టుకుంది. ప్రకటనలన్నీ తిరగేసి చూసి, తిండి గురించి గానీ బట్టల గురించి గానీ ఏమీ లేదు పిన్నీ అన్నాను.

"సరిగ్గా చూడు బాబూ. ఆకు? టోపీ? ముద్దులు?"

"ఏమీ లేదు."

కుర్చీలో కూర్చుని కర్ర మీద గడ్డం ఆనించింది.

"అయితే వీళ్ళు తెలివైనవాళ్ళు," అంది. "చాలాకాలం ఉంటారు."

నాలుగేళ్ళకు ఆమె పోయింది. వాళ్ళు ఆ తర్వాత ఇంకో పన్నెండేళ్ళు ఉన్నారు.